పరమాణు కేంద్రకంలో సామూహిక చలనాలు: వర్ణపటాలు చెప్పే సాక్ష్యం

"సార్, కేంద్రకాన్ని ఎవరైనా చూశారా? చూడనప్పుడు అది గుండ్రంగా ఉన్నదనీ, కోలగా ఉన్నదనీ, తిరుగుతున్నదనీ ఎలా చెప్పగలరు?"

భౌతికశాస్త్ర తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. ఆ గంటలో చెప్పగలిగిన సమాధానం తృప్తికరంగా లేదు. పుస్తకంలో ఉన్నది గనుక నమ్మవలసినదని చెప్పడం ఉపాధ్యాయునికి తగిన మాట కాదు. ఆ ప్రశ్నకు పూర్తి సమాధానం ఇవ్వడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో ఉన్న గణితం కూడికలు, గుణకారాలు తెలిసిన వారికి చాలును.

కేంద్రకాన్ని కంటితో చూసినవారు లేరు. ఒక మాదిరి బరువైన కేంద్రకం వ్యాసార్థం 7 ఫెర్మీల లోపు ఉంటుంది. మీటరును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ పది భాగాలు చేస్తే వచ్చేది ఒక ఫెర్మీ. కాని గదిలోని వీణను చూడకుండా గది బయట నిలుచున్నవాడు కూడా తంత్రి బిగువును స్వరాన్ని బట్టి గ్రహించగలడు. కేంద్రకం కూడా శక్తిని గ్రహించి ఉత్తేజితమై, ఆ శక్తిని గామా కిరణాల రూపంలో విడిచి శాంతిస్తుంది. ఆ కిరణాల శక్తులను వరుసగా కొలిచి రాస్తే వచ్చేదే దాని వర్ణపటం. ఉర్దూ విద్యార్థులు కేంద్రకాన్ని మర్కజా అనీ, వర్ణపటాన్ని తైఫ్ అనీ అంటారు. పేరు ఏ భాషలో ఉన్నా సంఖ్యలు ఒక్కటే.

రెండు చిత్రాలు

1911లో రూథర్‌ఫర్డ్ పరమాణువుకు కేంద్రకం ఉన్నదని చూపినాడు. 1932లో చాడ్విక్ న్యూట్రానును కనుగొన్న తరువాత కేంద్రకం ప్రోటానులతో, న్యూట్రానులతో ఏర్పడినదని స్థిరపడింది. ఈ రెంటినీ కలిపి న్యూక్లియానులు అంటారు. ఇన్ని కణాలు అంత చిన్న చోటులో ఎలా మెలుగుతాయి అన్నది తరువాతి ప్రశ్న.

మొదటి సమాధానం ద్రవబిందు నమూనా. నీటిబొట్టులో అణువులు పక్కవాటిని పట్టుకొని ఉన్నట్లే న్యూక్లియానులు కూడా ఉంటాయని అది చెబుతుంది. 1939లో నీల్స్ బోర్, వీలర్‌లు యురేనియం విచ్ఛిత్తిని ఈ నమూనాతోనే వివరించారు. బొట్టు సాగి, నడుము సన్నబడి, రెండుగా తెగినట్లే కేంద్రకమూ తెగుతుంది.

రెండవది కర్పర నమూనా. 1949లో మరియా మేయర్, జెన్సెన్‌లు దీనిని స్థిరమైన రూపంలో ప్రతిపాదించారు. దీని ప్రకారం ప్రతి న్యూక్లియానూ తన కక్ష్యలో దాదాపు స్వతంత్రంగా తిరుగుతుంది. 2, 8, 20, 28, 50, 82, 126 అనే సంఖ్యల వద్ద కర్పరాలు నిండి కేంద్రకం ప్రత్యేక స్థిరత్వం పొందుతుంది. వీటినే మాంత్రిక సంఖ్యలు అంటారు. ఈ కృషికి 1963లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

ఒక చిత్రంలో అందరూ ఒక్కటి, మరొక చిత్రంలో ఎవరికి వారే. రెండూ విజయవంతమైనవే. కాని ఒకే కేంద్రకం విషయంలో రెండూ నిజమెలా అవుతాయి? భౌతికశాస్త్రజ్ఞులను కొంతకాలం కలవరపెట్టిన చిక్కు ఇదే.

ఆకారం బయటపడిన విధం

మొదటి ఆధారం గామా కిరణాల నుండి కాదు, సాధారణ కాంతి నుండి వచ్చింది. పరమాణువులోని ఎలక్ట్రాను విడిచే కాంతి రేఖను అతి సూక్ష్మంగా పరిశీలిస్తే అది అనేక సన్నని రేఖలుగా విడిపోయి కనబడుతుంది. దీనిని అతిసూక్ష్మ నిర్మాణం అంటారు. 1935లో షూలర్, ష్మిడ్ట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు యూరోపియం మూలకపు రేఖల మధ్య దూరాలు అప్పటి నియమానికి సరిపోవడం లేదని గమనించారు. కేంద్రకంలోని విద్యుదావేశం గోళాకారంలో లేదని దాని అర్థం. గోళం నుండి ఎంత వైదొలగినదో చెప్పే రాశిని చతుర్ధ్రువ భ్రామకం అంటారు.

మన ప్రాంతానికి ఈ రాశితో సన్నిహిత సంబంధం ఉన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వర్ణపటశాస్త్ర పరిశోధనకు పునాది వేసిన ఆచార్య కొల్లూరు రంగధామరావు గారు (1898–1972) వాల్తేరులో తమ శిష్యులతో కలిసి చతుర్ధ్రువ అనునాదం అనే పద్ధతిపై విస్తృతంగా కృషి చేశారు. స్ఫటికంలోని విద్యుత్ క్షేత్రంలో కోలగా ఉన్న కేంద్రకం ఏయే దిశల్లో నిలుస్తుందో రేడియో తరంగాలతో పట్టుకోవడం ఆ పద్ధతి సారాంశం. కేంద్రకం పూర్తిగా గోళమే అయితే ఆ సంకేతమే రాదు. సంకేతం వచ్చిందంటే ఆకారం ఉన్నదన్న మాట.

ఒక్క కణం వల్లనే ఈ కోలతనం వచ్చిందనుకుంటే లెక్కలో రావలసిన విలువ చాలా తక్కువ. కొన్ని కేంద్రకాలలో కొలిచిన విలువ దానికి ఎన్నో రెట్లు ఉన్నది. 1949లో కొలంబియా విశ్వవిద్యాలయంలో టౌన్స్ ఈ విషయంపై ప్రసంగించగా విన్న రెయిన్‌వాటర్‌కు ఒక ఆలోచన తోచింది. వెలుపలి కక్ష్యలోని న్యూక్లియాను తన చలనంతో లోపలి సముదాయం మొత్తాన్ని కొద్దిగా సాగదీస్తుందని ఆయన 1950లో ప్రతిపాదించాడు. ఆ రోజులలో ఆయన గదిలోనే కూర్చున్న ఆగే బోర్, అనగా నీల్స్ బోర్ కుమారుడు, అదే దిశలో ఆలోచిస్తూ ఉన్నాడు. కోపెన్‌హాగన్ తిరిగి వెళ్ళి బెన్ మోటెల్సన్‌తో కలిసి 1952–53లో ఆ ఆలోచనను పూర్తి సిద్ధాంతంగా తీర్చిదిద్దాడు. ఈ ముగ్గురికీ 1975లో నోబెల్ బహుమతి వచ్చింది.

వారి సమాధానం ఇది: న్యూక్లియానులు తమ తమ కక్ష్యలలోనే తిరుగుతాయి. కాని ఆ కక్ష్యలకు చోటిచ్చే క్షేత్రాన్ని కల్పించేది వాటి సముదాయమే. సముదాయం ఆకారం మారితే కక్ష్యలు మారతాయి. కక్ష్యలు మారితే ఆకారం మారుతుంది. ఈ విధంగా అనేక న్యూక్లియానులు ఒక్క లయలో కలిసి చేసే చలనాన్నే సామూహిక ఉత్తేజం అంటారు. అందులో ముఖ్యమైనవి రెండు: భ్రమణం, కంపనం.

భ్రమణం: ఒక లెక్క

నున్నని గోళం తిరిగినదో లేదో ఎవరూ చెప్పలేరు. ఎటు తిప్పినా మొదటిలాగే ఉంటుంది. అందుచేత క్వాంటం శాస్త్రం ప్రకారం గోళాకార కేంద్రకానికి సామూహిక భ్రమణమే లేదు. కోలగా ఉన్న కేంద్రకానికి మాత్రం తిరగడం అనే మాటకు అర్థమున్నది. దాని భ్రమణ క్వాంటం సంఖ్యను భ అనుకుంటే శక్తి సూత్రం ఇట్లుంటుంది:

శక్తి = క × భ × (భ + 1)

ఇక్కడ క అనేది జడత్వ భ్రామకాన్ని బట్టి ఉండే స్థిరాంకం. జడత్వం పెరిగిన కొద్దీ క తగ్గుతుంది. ప్రోటానుల సంఖ్య, న్యూట్రానుల సంఖ్య రెండూ సరిసంఖ్యలైన కేంద్రకంలో రెండు కొసలూ ఒకే తీరుగా ఉంటాయి. అర చుట్టు తిప్పితే మార్పు ఉండదు. అందువల్ల అట్టి కేంద్రకపు మూల భ్రమణ శ్రేణిలో భ విలువలు 0, 2, 4, 6, 8 మాత్రమే వస్తాయి.

ఇప్పుడు హాఫ్నియం-180ను పరీక్షిద్దాం. దీనికి 5.5 గంటల అర్ధజీవిత కాలం గల ఒక ఉత్తేజిత స్థితి కలదు. అది ముఖ్యంగా ముందు 57.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల చిన్న మెట్టు దిగి, అక్కడి నుండి నాలుగు గామా కిరణాలను వరుసగా విడుస్తూ మూలస్థితికి చేరుతుంది. ఆ నాలుగింటి శక్తులు 443.2, 332.3, 215.3, 93.3 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. కింది నుండి వీటిని కూడుకుంటూ పోతే శక్తి స్థాయిలు తెలుస్తాయి. మొదటి స్థాయి 93.3 గనుక, దానిని 6తో భాగించగా క = 15.55 అవుతుంది. మిగిలిన స్థాయిలను ఈ ఒక్క సంఖ్యతోనే ఊహించి చూద్దాం.

భ = 2: కొలిచినది 93.3, లెక్కకు ఆధారం ఇదే.
భ = 4: లెక్క ప్రకారం 311.0, కొలిచినది 308.6.
భ = 6: లెక్క ప్రకారం 653.1, కొలిచినది 640.9.
భ = 8: లెక్క ప్రకారం 1119.6, కొలిచినది 1084.1.

180 న్యూక్లియానులు గల వ్యవస్థ ఒకే ఒక్క సంఖ్యతో ఇంత దగ్గరగా అందడం సామాన్య విషయం కాదు. ప్రతి కణమూ తనకు తోచినట్లు దూకుతూ ఉంటే స్థాయిల మధ్య ఇట్టి క్రమం ఉండటానికి కారణం లేదు. ఇంకొక సాక్ష్యం కూడా ఉన్నది. మొదటి స్థాయి ఎంత త్వరగా కిరణాన్ని విడుస్తుందో కొలిచారు. ఒక్క ప్రోటాను మాత్రమే స్థానం మారుతున్నదని అంచనా వేస్తే రావలసిన వేగం కంటె అది నూరు రెట్లకు పైగా ఎక్కువ. అనేక ప్రోటానులు కలిసి పాల్గొంటే తప్ప ఇది సాధ్యం కాదు.

విద్యార్థులు లెక్కకూ కొలతకూ గల తేడాను కూడా గమనించవలెను. అది వరుసగా 2.4, 12.2, 35.5గా పెరుగుతూ ఉన్నది. కొలిచిన విలువ ఎప్పుడూ తక్కువవైపే ఉన్నది. దీనిని కొలతలో దోషమని తోసివేయరాదు. భ్రమణం పెరిగిన కొద్దీ కేంద్రకపు జడత్వం పెరుగుతున్నదని, అనగా లోపల ఏదో మారుతున్నదని అది చెబుతున్నది. మన ప్రయోగశాలలో జవాబు సరిపోకపోతే పుస్తకంలోని విలువకు దగ్గరగా దిద్ది రాసే అలవాటు కొందరికి ఉన్నది. ఆ అలవాటు ఇక్కడి శాస్త్రజ్ఞులకు ఉండి ఉంటే తరువాతి అధ్యాయం వచ్చేదే కాదు.

ఉడికిన గుడ్డు, పచ్చి గుడ్డు

ఇంట్లో చేయదగిన ప్రయోగమొకటి ఉన్నది. ఉడికిన గుడ్డునూ, పచ్చి గుడ్డునూ పళ్ళెంలో పక్కపక్కన తిప్పండి. ఉడికిన గుడ్డు మొత్తం ఒక్క ముద్దగా తిరుగుతుంది. పచ్చి గుడ్డులో పెంకు తిరిగినా లోపలి ద్రవం పూర్తిగా దానితో తిరగదు. పెంకు పగులగొట్టకుండానే లోపలి స్థితి మనకు తెలిసిపోతుంది.

కేంద్రకం ఏ గుడ్డు వంటిది? హాఫ్నియం-180 గట్టి ముద్దగా తిరుగుతున్నదనుకొని, దాని ద్రవ్యరాశినీ, సుమారు 6.8 ఫెర్మీల వ్యాసార్థాన్నీ తీసుకొని జడత్వ భ్రామకం లెక్కిస్తే మొదటి స్థాయి సుమారు 38 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఉండవలెను. కొలిచినది 93.3. అంటే అసలు జడత్వం గట్టి ముద్దకు ఉండవలసిన దానిలో సుమారు 40 శాతం మాత్రమే. కేంద్రకంలో కొంత భాగమే భ్రమణంలో పాల్గొంటున్నది.

కారణమేమనగా న్యూక్లియానులు జంటలుగా కలిసి, రాపిడి లేని అతిప్రవాహి వలె ప్రవర్తిస్తాయి. లోహాలలో అతివాహకత్వాన్ని వివరించిన భావమే కేంద్రకానికీ వర్తిస్తుందని 1958లో బోర్, మోటెల్సన్, పైన్స్‌లు సూచించారు. భ్రమణ వేగం హెచ్చిన కొద్దీ ఈ జంటలు బలహీనపడతాయి, పచ్చి గుడ్డు కొద్దికొద్దిగా ఉడికినట్లవుతుంది. పైన మనం చూసిన తేడాలో ఇదొక ముఖ్య భాగం. 1971లో స్వీడన్‌లో జాన్సన్, రైడ్, స్టార్కియర్‌లు డిస్ప్రోసియం-160లో ఒక దశ వద్ద జడత్వం ఒక్కసారిగా పెరగడం చూశారు. ఒక జంట విడిపోయి, ఆ రెండు కణాలూ భ్రమణ దిశకు అనుగుణంగా తిరగడమే దానికి కారణమని తేలింది. గామా రేఖల మధ్య దూరాలను ఓపికతో కొలవడం వల్లనే ఇంత లోపలి సంగతి బయటపడింది.

1986లో ఇంగ్లండులోని డేర్స్‌బరీ ప్రయోగశాలలో ట్విన్ బృందం డిస్ప్రోసియం-152లో 19 గామా రేఖలను కనుగొన్నది. ఏ రెండు పక్క రేఖలను తీసుకున్నా వాటి మధ్య దూరం సుమారు 47 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. వెడల్పు కంటె పొడవు దాదాపు రెండింతలుగా ఉన్న కేంద్రకం మాత్రమే ఇట్టి వర్ణపటాన్ని ఇవ్వగలదు.

కంపనం

గోళాకారానికి దగ్గరగా ఉన్న కేంద్రకం తిరగలేకపోయినా కంపించగలదు. నీటిబొట్టు కొద్దిగా కోలగా సాగి, చదునై, మళ్ళీ సాగినట్లు ఊగిసలాడుతుంది. ఆదర్శ కంపనంలో స్థాయిలు సమాన దూరంలో ఉండవలెను. అనగా రెండవ మెట్టు ఎత్తు మొదటి మెట్టుకు సరిగా రెండింతలు. భ్రమణంలోనైతే 4 స్థాయికీ 2 స్థాయికీ నిష్పత్తి 20కి 6, అంటే 3.33. ఈ ఒక్క నిష్పత్తిని చూసి కేంద్రకం ఏ జాతిదో మొదటి అంచనా వేయవచ్చును. హాఫ్నియం-180కి అది 3.31.

కంపనానికి చిరకాలం పాఠ్యపుస్తకాలు చూపిన ఉదాహరణ కాడ్మియం-114. దీని మొదటి స్థాయి 558 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఉన్నది. దానికి దాదాపు రెండింతల ఎత్తులో 1135, 1210, 1284 వద్ద మూడు స్థాయిలు గుంపుగా ఉన్నాయి. సిద్ధాంతం కోరినవి సరిగా ఈ మూడే. కాని అక్కడికి సమీపంలోనే సిద్ధాంతం పిలవని మరి రెండు స్థాయిలు కూడా కనబడ్డాయి. ఈ శతాబ్దంలో జరిగిన మరింత సునిశితమైన కొలతలలో, పై స్థాయిల నుండి వచ్చే కిరణాల బలాలు కంపన నియమాన్ని పాటించడం లేదని తేలింది. ఒకే కేంద్రకంలో వేర్వేరు ఆకారాలు పక్కపక్కన ఉండవచ్చునన్న వివరణకు నేడు బలం చేకూరింది. అర్ధ శతాబ్దం పాటు పాఠంగా చెప్పిన ఉదాహరణను కూడా వర్ణపటం ప్రశ్నించగలదు. పుస్తకంలో ఉన్నది గనుక నమ్మమని చెప్పరాదని మొదట అన్నది ఇందుకే.

మరొక రకపు కంపనం ఉన్నది. అందులో ప్రోటానులన్నీ ఒక వైపుకు, న్యూట్రానులన్నీ ఎదుటి వైపుకు కదులుతాయి. ఎమ్మిగనూరు ప్రాంతపు విద్యార్థులకు దీనికి ఉపమానం ఇంటిలోనే ఉన్నది. మగ్గం వద్ద కాలి కింది కర్రను తొక్కగానే పడుగులో సగం దారాలు ఒక్కసారిగా పైకి, తక్కిన సగం కిందికి పోతాయి. ఏ దారానికి ఆ దారం కదిలితే నాడె సాగదు, గుడ్డ రాదు. కేంద్రకంలోని ఇట్టి కదలికను బృహత్ ద్విధ్రువ అనునాదం అంటారు. 1947లో బాల్డ్విన్, క్లైబర్‌లు దీనిని స్పష్టంగా గుర్తించారు. బరువైన కేంద్రకాలలో దీని శక్తి 13 నుండి 15 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల వరకు ఉంటుంది. ప్రోటానులను న్యూట్రానుల నుండి ఎడంగా లాగడానికి బలమైన తొక్కుడు కావలెను గదా!

పరికరాలు, మనవారి కృషి

కేంద్రకం శక్తిని గామా కిరణంగానే విడవవలెనని లేదు. ఒక్కొక్కప్పుడు ఆ శక్తి పరమాణువులోని ఎలక్ట్రానుకే అంది, అది బయటికి దూకుతుంది. అట్టి ఎలక్ట్రానులను అయస్కాంత క్షేత్రంలో వంచి, వంపును బట్టి శక్తిని కొలిచే పరికరమే బీటా వర్ణపటమాపకం. ఏ కర్పరం నుండి ఎన్ని ఎలక్ట్రానులు వచ్చాయో లెక్కిస్తే స్థాయిల భ్రమణ సంఖ్యలను కూడా నిర్ణయించవచ్చును.

ఈ రంగంలో ఆంధ్రదేశానికి బాట వేసినవారు స్వామి జ్ఞానానంద. వీరి పూర్వనామం భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో నేటి పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో జన్మించారు. యౌవనంలోనే సన్యసించి హిమాలయాలకు వెళ్ళారు. తరువాత యూరపు చేరి ప్రేగ్‌లో ఎక్స్ కిరణాల వర్ణపటశాస్త్రం, లివర్‌పూల్‌లో చాడ్విక్ ప్రయోగశాలలో బీటా వర్ణపటశాస్త్రం అభ్యసించారు. అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయంలో కూడా పరిశోధన చేశారు. స్వాతంత్ర్యానంతరం స్వదేశంలో పనిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు. 1969లో పరమపదించారు. అక్కడి కేంద్రక పరిశోధన ప్రయోగశాలలు నేడు వారి పేరనే ఉన్నాయి. కాషాయ వస్త్రం ధరించినవాడు శూన్యనాళికలతో, అయస్కాంతాలతో జీవితం గడిపాడు. జ్ఞానానికి వేషం అడ్డు కాదని తెలుసుకొనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

గామా కిరణాలకు మొదట సోడియం అయొడైడ్ స్ఫటికం వాడుకలోకి వచ్చింది. కిరణం తగిలినప్పుడు అది చిన్న మెరుపు మెరుస్తుంది, మెరుపు కాంతిని బట్టి శక్తి తెలుస్తుంది. కాని దగ్గర దగ్గరగా ఉన్న రేఖలు అందులో కలిసిపోతాయి. 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద రేఖ వెడల్పు సుమారు 7 శాతం. 1960ల నుండి వచ్చిన జెర్మేనియం శోధకాలలో 1332 వద్ద కూడా వెడల్పు సుమారు 2 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. మసక అద్దం తీసి మంచి అద్దం పెట్టుకున్నంత తేడా ఇది. మన దేశంలో ముంబయి, ఢిల్లీ, కలకత్తాలలోని త్వరణయంత్రాల వద్ద వంతులవారీగా అమర్చే జాతీయ గామా శోధక వ్యూహంతో విశ్వవిద్యాలయాల పరిశోధక విద్యార్థులు కేంద్రక భ్రమణాలను పరిశీలిస్తున్నారు. హైదరాబాదులో 1967లో అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యంలో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఇట్టి కొలతలకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను దేశంలోనే తయారుచేసింది.

భాష విషయంలో కూడా మనకు సంప్రదాయం లేకపోలేదు. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రాలను ఉర్దూలో బోధించేవారు. 1968లో స్థాపించిన తెలుగు అకాడమీ కళాశాల పాఠ్యగ్రంథాలను తెలుగులో వెలువరించింది. కనుక ఉర్దూలో గాని తెలుగులో గాని చదివిన విద్యార్థి ఈ శాస్త్రానికి పరాయివాడు కాడు.

మన కొండరాయి ఇచ్చే సాక్ష్యం

"ఇదంతా ఎక్కడో పెద్ద ఊళ్ళ సంగతి, నందవరం వంటి చోట మనకేమి?" అని అడగవచ్చును. సమాధానం మన చుట్టూనే ఉన్నది.

ఆదోని కోట నిలిచిన కొండలు గ్రానైటు కొండలు. గ్రానైటు రాయిలో సామాన్యంగా టన్నుకు పది ఇరవై గ్రాముల థోరియం ఉంటుంది. థోరియం-232 అర్ధజీవిత కాలం సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు. అది మెల్లగా క్షీణిస్తూ, ఒక మూలకం నుండి మరొక మూలకంగా మారుతూ, చివర సీసం-208 అవుతుంది. ఆ వరుసలో చివరికి ముందు థాలియం-208 ఒకటి. అది క్షీణించినప్పుడు పుట్టిన సీసం-208 కేంద్రకం ఉత్తేజితంగా ఉండి, మెట్లు దిగుతూ, చివరి మెట్టు వద్ద 2614 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాన్ని విడుస్తుంది.

ఈ చివరి మెట్టు ఏమిటి? సీసం-208లో ప్రోటానులు 82, న్యూట్రానులు 126. రెండూ మాంత్రిక సంఖ్యలే. కేంద్రకం గోళాకారం, గనుక సామూహిక భ్రమణం లేదు. దాని మొదటి ఉత్తేజిత స్థితి ఒక సామూహిక కంపనం. గోళం ఒక వైపు ఉబ్బి, మరొక వైపు సన్నగిలి, జామకాయ ఆకారానికి వచ్చి, మళ్ళీ ఎదుటి వైపుకు ఉబ్బుతుంది. ఆ కిరణం వెలువడే వేగం ఒక్క కణపు అంచనాకు ముప్పై రెట్లకు పైగా ఉండటమే అది సామూహికమనడానికి రుజువు.

కాబట్టి మన కొండరాయి పక్కన ఒక గామా శోధకాన్ని పెట్టి కొన్ని గంటలు లెక్కిస్తే వర్ణపటం కుడి కొసన ఒంటరిగా కనబడే ఆ శిఖరం, కేంద్రకంలోని న్యూక్లియానుల సామూహిక కంపనానికి ప్రత్యక్ష సాక్ష్యం. పెళ్ళి ఊరేగింపులలో వెలిగిన పెట్రోమాక్స్ దీపాల పాత మాంటిళ్ళలో కూడా థోరియం వాడేవారు. అట్టిది దొరికితే మూసిన కవరులో ఉంచి శోధకం ముందు పెడితే శిఖరం ఇంకా త్వరగా లేస్తుంది. దాని పొడి పీల్చరాదు, చేతితో నలపరాదు.

ఇక కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. త్వరణయంత్రం మనం కోరడం లేదు. చిన్న సోడియం అయొడైడ్ శోధకం, దానికి తగిన బహుళ మార్గ విశ్లేషకం ఉంటే చాలును. సూక్ష్మమైన రేఖలు అందులో విడిపడకపోయినా, 2614 శిఖరం పక్కన మరొక బలమైన రేఖ లేదు గనుక అది తప్పక కనబడుతుంది. రేడియోధార్మిక పదార్థాలు కొని తెప్పించవలసిన అవసరమూ లేదు, రాయి మన కొండలోనే ఉన్నది. ఇప్పుడు మన విద్యార్థులు కేంద్రకాన్ని గురించి చదివి, కంఠస్థం చేసి, పరీక్షలో రాసి వస్తున్నారు. ఆ తరగతిలో అడిగిన ప్రశ్నకు నేను ఇన్ని పుటలు రాయవలసి వచ్చింది. శోధకం ఉండి ఉంటే ఆ విద్యార్థిని దాని ముందు కూర్చోబెట్టి "నీవే చూడు" అని చెప్పేవాడిని. శాస్త్రంలో అంతకంటె మంచి సమాధానం లేదు.

అభ్యాసం

1. ఎర్బియం-166 మూల శ్రేణిలో కింది నుండి వచ్చే గామా కిరణాల శక్తులు 80.6, 184.4, 280.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. స్థాయిలను కనుగొని, మొదటి దానితో క విలువ కట్టి, తక్కిన రెంటినీ ఊహించండి. కొలతకూ లెక్కకూ తేడా ఏ వైపుకు ఉన్నది? దానిని బట్టి జడత్వాన్ని గురించి ఏమి చెప్పగలరు?

2. కాడ్మియం-114లో 1284 వద్ద గల స్థాయి భ్రమణ సంఖ్య 4. మొదటి స్థాయితో దాని నిష్పత్తి ఎంత? అది 2.00కు దగ్గరా, 3.33కు దగ్గరా? ఈ ఒక్క నిష్పత్తితో నిర్ణయానికి రావడం ఎందుకు చాలదో రాయండి.

3. సీసం-208 ఎందుకు తిరగదు? తిరగని దానికి సామూహిక చలనం ఉన్నదని దేనిని బట్టి చెబుతున్నాము?

సమాధానాలు రాసి తెచ్చిన వారితో చర్చించడానికి ఈ వ్యాసకర్త ఎల్లప్పుడూ సిద్ధం. లెక్క సరిపోకపోతే దిద్దవద్దు. సరిపోని సంఖ్యనే తీసుకొని రండి.